అబ్బా కడగని రీలు

మా దాదీమా సందూఖ్ ఒకటి జువ్వలదిన్నె ఇంట్లో అటక మీద పడి ఉండేది. ఆమె నికాహ్ నాడు పుట్టింటి వాళ్ళు ఇచ్చిన రేకు పెట్టె. 2023 డిసెంబరులో ఇంటి కప్పు మార్పిద్దామని సామాన్లన్నీ దింపినప్పుడు దాన్ని తెరిచాను. అరిగిపోయిన ఒక జానమాజ్, సుర్మాదానీ, పాత రేషన్ కార్డులు, అడుగున ఒక హార్లిక్స్ సీసా. సీసాలో పిండిగా మారిపోయిన బియ్యం, ఆ బియ్యంలో కూరుకుపోయి ఒక ఫిల్ము రీలు. రీలు చుట్టూ అంటించిన కాగితం మీద పెన్సిలుతో, మా అబ్బా ఉర్దూ దస్తూరీలో, "జువ్వలదిన్నె, తూఫాన్, 12" అని ఉంది.

అబ్బాకు చూపించాను. ఆయనకు ఇప్పుడు డెబ్భై దాటాయి. రీలుని చేతిలోకి తీసుకోలేదు. "రహనే దే బేటా, ఖరాబ్ హో గయా హోగా," అన్నారు. ఉండనీ, పాడైపోయి ఉంటుందిలే అని. అని ఊరుకుంటే నేనూ ఊరుకునేవాణ్ణి. కానీ కాసేపాగి మెల్లగా, "వో అమానత్ హై" అన్నారు. అమానత్ అంటే ఒకరు మనల్ని నమ్మి అప్పగించిన సొత్తు. దాన్ని తిరిగి ఇచ్చే వరకు మన మెడ మీద బరువే.

ఈ వ్యాసం ఆ రీలు గురించి. కానీ ఈ కాలం పిల్లలకు రీలు అంటే ఫోనులో చూసే రీలు. అందుకని కొంచెం తారీఖ్, అంటే చరిత్ర, చెప్పక తప్పదు.

ముందు కెమెరా అనే లఫ్జ్ సంగతి. మన వాళ్ళు కొందరు ఇది అరబ్బీ మాటే అని గర్వంగా చెప్పుకుంటారు. నేను వెతికాను, కాదు. అది లాటిన్ మాట, దానికి గది అని అర్థం. తమాషా ఏమిటంటే మనం ఇంట్లో రోజూ అనే "కమ్రా" కూడా ఆ లాటిన్ మాటే. పోర్చుగీసు వాళ్ళ ఓడల మీద వచ్చి ఉర్దూలో స్థిరపడింది. కమ్రా, కెమెరా అక్కాచెల్లెళ్ళు. మాట మనది కాకపోయినా ఇల్మ్‌లో మనకు వాటా ఉంది. వెయ్యేళ్ళ కిందట బస్రాలో పుట్టి కైరోలో చనిపోయిన ఇబ్న్ అల్ హైసమ్ చీకటి గదిలోకి చిన్న రంధ్రం గుండా వెలుగును పంపి, గ్రహణం పట్టిన సూర్యుడి అక్స్ గోడ మీద నెలవంకలా పడటాన్ని చూసి, అలా ఎందుకు పడుతుందో లెక్కగట్టి రాశాడు. ఆ చీకటి గది బైతుల్ ముజ్లిమ్. మా అబ్బా పదహారేళ్ళు నౌకరీ చేసింది కూడా బైతుల్ ముజ్లిమ్‌లోనే, కావలిలో ఒక స్టూడియో వెనక ఉన్న ఆరడుగుల డార్క్‌రూమ్‌లో.

అక్స్ గోడ మీద పడటం ఒక ఎత్తు, దాన్ని అక్కడే పట్టి ఉంచడం ఇంకో ఎత్తు. ఎనిమిది వందల ఏళ్ళు పట్టింది దానికి. వెండి లవణాలు వెలుగు తగిలితే నల్లబడతాయని ముందే తెలుసు. కానీ వెలుగు తగలని చోట మిగిలిపోయిన లవణం తర్వాతైనా నల్లబడేది, బొమ్మ మొత్తం మునిగిపోయేది. జాన్ హెర్షెల్ అనే ఇంగ్లీషు ఖగోళ శాస్త్రజ్ఞుడు 1819లోనే హైపో ఆ వెండి లవణాన్ని కరిగిస్తుందని కనిపెట్టాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1839లో ఫోటోగ్రఫీ బయటికొచ్చినప్పుడు, అందరికీ కావలసింది సరిగ్గా అదే అయింది. నెగటివ్, పాజిటివ్ అనే మాటల్ని ఫోటోలకు వాడటం మొదలుపెట్టింది కూడా ఆయనే. అబ్బా చేతివేళ్ళ మీద నా చిన్నప్పుడు ఎప్పుడూ ఉండే పసుపు మరకలు, ఆ పుల్లటి ఘాటు వాసన, ఆ మందులవే.

మా నెల్లూరు జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మద్రాసులో 1856లోనే ఫోటోగ్రాఫిక్ సొసైటీ పెట్టారు. లీనియస్ ట్రైప్ అనే సైన్యాధికారిని ప్రభుత్వ ఫోటోగ్రాఫర్‌గా వేసుకున్నారు. మన అమరావతి స్తూపం నుంచి తరలించి మద్రాసు మ్యూజియంలో పడేసిన పాలరాతి శిల్పాలను 1858లో ఆయన ఫోటోలు తీశాడు. కొద్దికాలానికే ఖర్చు ఎక్కువని సర్కారు ఆ పని ఆపేయించింది. రాళ్ళు కాబట్టి అవి కదలలేదు, ఫిర్యాదూ చేయలేదు.

మనుషుల సంగతి అలా కాదు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన మహా కరువులో నెల్లూరు కూడా అల్లాడింది. ఆ కరువులో విల్లోబీ వాలెస్ హూపర్ అనే మద్రాసు సైన్యాధికారి ఎముకల గూళ్ళలా మారిన జనాన్ని వరుసగా కూర్చోబెట్టి తస్వీర్లు తీశాడు. తీశాక వాళ్ళకు తిండైనా పెట్టకుండా పంపేశాడనే అపవాదు ఆయన మీద ఉంది. ఆ తర్వాత 1886లో మాండలేలో కాల్చి చంపే శిక్షలను కెమెరాతో పట్టబోయి పెద్ద వివాదంలో ఇరుక్కున్నాడు, విచారణ జరిగింది. ఆ కరువు ఫోటోలను నేను చూశాను. అవి చూడకపోతే ఆ కరువు నాకు పుస్తకంలో ఒక పేరా మాత్రమే. చూశాక కూడా ఆ ముఖాల్లో ఒక్కరి పేరూ నాకు తెలియదు. ఆ ఇద్దరిలో ఎవరిది గునాహ్, ఎవరిది సవాబ్, చెప్పడం నాకు చేతకాదు. కానీ ఆ బొమ్మలో ఉన్నవాళ్ళకు ఆ బొమ్మ చేరలేదన్నది మాత్రం ఖాయం.

హైదరాబాదు వైపు కథ వేరు. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టిన లాలా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో నౌకరీ చేస్తూ షౌక్‌గా కెమెరా పట్టి, చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారు ఫోటోగ్రాఫర్ అయ్యారు. నిజాం ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ అని ఖితాబ్ ఇచ్చారు. ముసవ్విర్ అంటే తస్వీర్ తయారు చేసేవాడు. 1892లో ఆయన హైదరాబాదులో ఒక జనానా స్టూడియో కూడా తెరిచారు. పరదా పాటించే బేగమ్‌లు లోపలికి పోతే ఫోటో తీసేది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు దొరసాని. ఫోటో తీయించుకోవాలని ఆడవాళ్ళకు అంత ఆర్జూ లేకపోతే స్టూడియో పెట్టే అవసరమే రాదు కదా.

ఆయన 1905లో పోయారు. గాజు పలకల నెగటివ్‌లు 2857 ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో కొన్నది. గాజు పలక, దాని మీద జెలటిన్ పొర, దాంట్లో వెండి. వందేళ్ళు నిలిచింది. అదే 1989లో మా జువ్వలదిన్నెలో అబ్బా తీసిన రీలు కూడా అంతే, జెలటిన్, వెండి. గాజు బదులు ప్లాస్టిక్. దాన్ని మాత్రం బియ్యంలో పెట్టి దాచింది దాదీమా.

జువ్వలదిన్నె ఎక్కడుందో తెలియని వాళ్ళ కోసం చెబుతాను. బోగోలు మండలంలో, బిట్రగుంట స్టేషనుకు తూర్పున, సముద్రం ఒడ్డు. జువ్వి అంటే మర్రి, రావి జాతి చెట్టు. జువ్వి చెట్ల దిబ్బ కాబట్టి జువ్వలదిన్నె అయి ఉంటుందని నా అంచనా. ఇప్పుడు ఫిషింగ్ హార్బర్ కట్టారు, కాంక్రీటు గోడలు వచ్చాయి. నా చిన్నప్పుడు ఇసుక మీదికి లాగిన తెప్పలు, ఎండలో ఆరబెట్టిన చేపలు, పట్టపు వాళ్ళ పూరిళ్ళు, వాటి వెనక మా లాంటి కొద్ది ఇళ్ళు.

1989 నవంబరులో వచ్చిన తుపానును మా వైపు కావలి తుపాను అంటారు. బయటి ప్రపంచం దానికి "గే" అని పేరు పెట్టింది. అది పుట్టింది థాయిలాండ్ సింధుశాఖలో. అక్కడ సీక్రెస్ట్ అనే చమురు తవ్వే ఓడను బోల్తా కొట్టి 91 మందిని ముంచేసింది. చుంఫోన్ వైపు ఊళ్ళను ఊడ్చేసి, భూమిని దాటి బంగాళాఖాతంలోకి దిగి, మళ్ళీ బలం పుంజుకుని, తిన్నగా కావలి దగ్గరికి వచ్చి ఒడ్డెక్కింది. ఎక్కడో పుట్టిన గాలి, ఒక దేశాన్ని దాటుకుని మన గడప వెతుక్కుంటూ వచ్చింది. ఖిస్మత్ అంటే అదే కాబోలు.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ రాత్రి శబ్దం తప్ప ఏదీ సరిగా యాద్ లేదు. మిగతాది అబ్బా ఇప్పుడు, ముక్కలు ముక్కలుగా, అడగ్గా అడగ్గా చెప్పింది.

గాలి తగ్గిన మూడో రోజు అబ్బా కావలి నుంచి సైకిలు మీద బయలుదేరారు, సగం దూరం సైకిలే ఆయన భుజం ఎక్కింది. దాదీమా బతికుందో లేదో చూడాలని. స్టూడియో యజమాని యాషికా కెమెరా, ఒక్క ఇందు రీలు చేతిలో పెట్టి, "కూలిన ఇళ్ళు తీసుకురా, పేపరు వాళ్ళు కొంటారు" అన్నాడట. ఇందు అంటే ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అనే సర్కారు కంపెనీ తయారు చేసిన ఫిల్ము. 1960లో ఆ కంపెనీ పెట్టారు, 1967లో సరుకు బయటికొచ్చింది. ఆ రోజుల్లో మన చిన్న ఊళ్ళ స్టూడియోలన్నీ దాని మీదే నడిచాయి. 120 సైజు రీలుకు చదరం బొమ్మలు పన్నెండు. అంతకు మించి ఒక్కటి రాదు.

దాదీమా సలామత్‌గా ఉంది. అబ్బా యజమాని చెప్పినట్టు రెండు కూలిన ఇళ్ళను తీశారు. అంతలో జనం మూగారు. "సాయిబూ, మాదీ ఒకటి తియ్యి." ఒకరికి నష్టపరిహారం అర్జీకి కావాలి. ఒకరికి మద్రాసులో ఉన్న తమ్ముడికి మేం బతికే ఉండామని పంపాలి. ఒకరికి కారణమేమీ లేదు, విరిగిన తెప్ప పక్కన నిలబడాలనిపించింది. మిగిలిన పదీ మనుషులకే ఖర్చు చేశారు అబ్బా. ముగ్గురు బలవంతంగా ఐదేసి రూపాయలు అడ్వాన్సు చేతిలో పెట్టారట. ఇల్లు పోయినవాళ్ళు.

కావలికి తిరిగొస్తే స్టూడియోలో మోకాలి లోతు నీళ్ళు నిలిచి తీసినట్టుంది. మందులన్నీ కలిసిపోయాయి, కాగితం డబ్బాలు ముద్దయ్యాయి, కరెంటు లేదు. స్టూడియో మళ్ళీ సరిగా తెరుచుకోలేదు. ఈలోగా కువైట్ వీసా వచ్చింది. 1990 జనవరిలో పోయారు. పోయేటప్పుడు రీలు దాదీమాకు ఇచ్చి, "తెరవొద్దు, వెలుగు చూపించొద్దు" అన్నారు. జీవితంలో ఒక్క తస్వీర్‌కీ ఒప్పుకోని మనిషి ఆమె. తస్వీర్ హరామ్ అనేది. ఈజిప్టులో ముఫ్తీగా పనిచేసిన ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ ఫోటో అంటే నీడను పట్టి ఆపడమే, సృష్టించడం కాదని రాశారని ఆమెకు ఎవరు చెప్పాలి? అయినా కొడుకు మాట కోసం ఆ రీలును పసిపాపలా దాచింది.

1990 ఆగస్టు 2న సద్దాం సేనలు కువైట్‌లోకి దిగాయి. సుమారు లక్షా డెబ్భై వేల మంది హిందుస్థానీలను అమ్మాన్ మీదుగా విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్ళలో అబ్బా ఒకరు. ఒక సంచీతో వచ్చారు. అప్పులు మాత్రం అలాగే ఉన్నాయి. తర్వాత మా మామూ కొట్లో లెక్కలు రాశారు. కెమెరా మళ్ళీ పట్టలేదు. జువ్వలదిన్నె వచ్చినప్పుడు ఒడ్డు వైపు ఎందుకు నడవరో నాకు ఇప్పుడు అర్థమైంది.

ఇక రీలు కడగడం. మన వాళ్ళు డెవలప్ చేయడం అనరు, కడగడమే అంటారు. మంచి మాట. కానీ కడిగేది మురికిని కాదు. వెలుగు తగిలిన వెండి రేణువుల్లో కంటికి కనబడని మార్పు ఒకటి జరిగి ఉంటుంది. డెవలపర్ ఆ రేణువులను నల్లటి వెండిగా మారుస్తుంది. తగలని వాటిని హైపో కరిగించి తీసేస్తుంది. 34 ఏళ్ళు మన నెల్లూరు ఎండల్లో ఉన్న ఫిల్ములో ఆ కనబడని మార్పు సగం చెరిగిపోయి ఉంటుంది. పైగా వెలుగు చూడని రేణువులు కూడా వయసు మీద పడి వాటంతట అవే నల్లబడతాయి. అంటే బొమ్మ సన్నగిల్లుతుంది, పొగ దట్టమవుతుంది. ఒకటే రీలు, ఒకటే మౌఖా. తప్పు చేస్తే రెండోసారి లేదు.

కాబట్టి ముందు కొత్త ఫిల్ము రెండు రీళ్ళు తెప్పించి, సముద్రాన్నీ మేకల్నీ తీసి, వాటి మీద చేయి తిప్పుకున్నాను. రెండూ బర్బాద్. అబ్బా నోటికి చెప్పిన నుస్ఖా ప్రకారం డి-76 కలిపాను: లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. ముప్పై ఏళ్ళు దాటినా ఒక్క అంకె తడబడలేదు ఆయన. తప్పు నాదే. పుస్తకాలన్నీ 20 డిగ్రీలు అంటాయి. ఆ పుస్తకాలు రాసిన వాళ్ళు జువ్వలదిన్నె చూడలేదు. నా థర్మామీటరు 29 చూపించింది. వేడెక్కిన మందు పరుగెడుతుంది. నేను చల్లటి మందుకు రాసిన నిమిషాలే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. మేకలు బొగ్గు ముద్దలై వచ్చాయి. రెండో రీలుకు కాలం సరిచేశాను కానీ బోరు నీళ్ళతో కడిగాను. మా బోరు నీళ్ళలో ఉప్పూ సున్నమూ తప్ప ఏమీ ఉండదు. ఆరాక ఫిల్ము నిండా తెల్లటి మచ్చలు, మషూచి వచ్చినట్టు.

ఇంకో ముసీబత్ చెమట. ఫిల్మును ప్లాస్టిక్ చుట్టలోకి ఎక్కించేటప్పుడు కటిక చీకటి కావాలి. సినిమాల్లో ఎర్ర బల్బు కింద చేసినట్టు చూపిస్తారు, అది కాగితం మీద ప్రింటు వేసేటప్పుడు చెల్లుతుంది, ఫిల్ముకు చెల్లదు. నేను రాత్రి రెండు గంటలకు రజాయి కప్పుకుని చేసేవాణ్ణి. రజాయిలో పది నిమిషాలకే చేతులు చెమట, చెమటకు ఫిల్ము చుట్టలో మధ్యలో అతుక్కుపోతుంది, ముందుకూ పోదు, వెనక్కీ రాదు. ఆ చీకట్లో నాకొచ్చిన మాటలు ఇక్కడ రాయను.

అబ్బా బయట మంచం మీద కూర్చుని వినేవారు. ఏమీ అనేవారు కాదు. రెండో రీలు పోయాక మాత్రం, "మేము ఐసు వాడేవాళ్ళం," అన్నారు. జువ్వలదిన్నెలో ఐసుకేమి తక్కువ? చేపల ఒడ్డు. పొద్దున్నే పెట్టెల్లో చేపల మీద పొడి కొట్టి వేసే ఐసు గడ్డ ఒకటి కొనుక్కొచ్చాను. టబ్బులో నీళ్ళు, నీళ్ళలో ఐసు, మధ్యలో మందు సీసాలు. సరిగ్గా 20 దగ్గర నిలబడింది. ఇల్లంతా మాగ చేప వాసన. ఆఖరి కడుగుడుకు కార్ల బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ నీళ్ళు కావలి నుంచి తెచ్చాను.

పాత ఫిల్ములకు పొగ తక్కువగా లేపేది హెచ్‌సి-110 అనే పాకం లాంటి డెవలపర్ అని తెలిసి అది తెప్పించాను. ఒక వంతు పాకం, 31 వంతుల నీళ్ళు. అర లీటరుకు 16 మిల్లీలీటర్లు చాలు. 2024 జనవరి ఆఖరులో, చలి ఉన్న రాత్రి చూసుకుని, బిస్మిల్లా అని మొదలుపెట్టాను. 34 ఏళ్ళు చుట్టుకుని ఉన్న ఫిల్ము స్ప్రింగులా ఎగిరి చేతికి చుట్టుకుంది. మూడుసార్లు జారింది. నాలుగోసారి ఎక్కింది. ఎనిమిది నిమిషాలు మందులో ఉంచాను. పక్కన ఐసు కరిగే శబ్దం తప్ప ఏమీ లేదు. హైపో అయ్యాక మూత తీసి లైటుకు ఎత్తిపట్టాను.

బూడిద రంగు పట్టీ. ముందు ఏమీ కనబడలేదు, నా గుండె జారింది. తర్వాత, పట్టీ ఒక కొసన, కూలిన ఇంటి దూలం. ఆ తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత నిలబడ్డ మనుషులు.

తీసిన రీలులో మొదటి బొమ్మలు చుట్ట లోపలికి పోతాయి, ఆఖరివి పైన ఉంటాయి. తేమా బూజూ ముందు పైదాన్నే తింటాయి. అందుకే యజమాని అడిగిన రెండు ఇళ్ళూ శుభ్రంగా వచ్చాయి. మనుషులే దెబ్బతిన్నారు. పది, పదకొండు, పన్నెండు పూర్తిగా పోయాయి, బూజు తీగలు తప్ప ఏమీ లేదు. మూడు నుంచి తొమ్మిది దాకా ఏడింట్లో ఐదు పోల్చుకోవచ్చు. రీలు వెనక నల్ల కాగితం మీద అచ్చేసిన అంకెలు కూడా ఏళ్ళ తరబడి అంటుకుని బొమ్మల మీదికి ఎక్కాయి. ఒక పిల్లవాడి చొక్కా మీద 7 అని ఉంది, ఎవరో కుట్టినట్టు.

స్కానింగ్ సులభం అనుకున్నాను. మందులతో పని లేదు, చీకటి అక్కర్లేదు. అది ఇంకా పెద్ద సబర్ పరీక్ష. 56 మిల్లీమీటర్ల చదరాన్ని 2400 చుక్కల చొప్పున చదివిస్తే ఒక్కో బొమ్మ రెండు కోట్ల ఎనభై లక్షల చుక్కలు. అన్ని చుక్కల్లోనూ దుమ్ము కనబడుతుంది. కంటికి కనబడని వెంట్రుక అక్కడ తాడై కనబడుతుంది. రంగుల ఫిల్ముకైతే స్కానరు ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో దుమ్మును గుర్తుపట్టి దానంతట అదే తీసేస్తుంది. నలుపు తెలుపు ఫిల్ములో అది పనికిరాదు. ఎందుకంటే బొమ్మే వెండి, వెండి ఆ వెలుగును ఆపేస్తుంది. యంత్రానికి దుమ్మూ మనిషీ ఒకటే. కాబట్టి ఒక్కో మచ్చనూ చేత్తో తుడవాలి. ఒక్కో బొమ్మకు మూడు నాలుగు రాత్రులు పట్టింది. అబ్బా తరం వాళ్ళు నెగటివ్ మీద సన్న పెన్సిలుతో మొటిమలు చెరిపేవాళ్ళు, నేను మౌసుతో. పని అదే.

మా అల్లుడు ఒకడు కంప్యూటర్ల మనిషి. "మామూ, ఇప్పుడు ఏఐ ఉంది, ఒక్క నొక్కుడు" అని నాలుగో బొమ్మను దేంట్లోనో వేశాడు. అందులో ఒక నడివయసు ఆమె, కొడుకు పక్కన నిలబడి ఉంది. నెగటివ్‌లో ఆమె కళ్ళ దగ్గర పొగ. యంత్రం పొగ తీసేసి రెండు పెద్ద కళ్ళు పెట్టింది, రెప్పల వెంట్రుకలతో సహా. ఖూబ్‌సూరత్‌గా ఉంది. నేను అసలు నెగటివ్‌ను భూతద్దం కింద పెట్టి అరగంట చూశాను. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. అబ్బా షట్టరు నొక్కిన క్షణాన రెప్ప వేసింది. ఆ అందమైన కళ్ళు ఎవరివో నాకు తెలియదు. ఆ ఫైలు డిలీట్ చేయించాను. వాడు కొంచెం బాధపడ్డాడు, బిర్యానీ పెట్టించి సర్దిచెప్పాను.

ఐదు బొమ్మల్నీ కావలిలో కాగితం మీద వేయించి, ఒడ్డు వైపు తీసుకెళ్ళాను. అబ్బా రానన్నారు. ఐదింట్లో రెండు కుటుంబాలు చెన్నై కాశిమేడుకు వలసపోయాయి, వాళ్ళ దాయాదులకు ఇచ్చాను. ఒక బొమ్మలో ఉన్న ఇద్దరూ లేరు, మనవరాలు తీసుకుంది, ఏమీ మాట్లాడలేదు, తలుపు దగ్గరగా వేసుకుంది. ఏడు అంకె చొక్కా పిల్లవాడు ఇప్పుడు మరబోటు నడుపుతున్నాడు, ఫోటో చూసి అంకె ఎందుకుందని అడిగాడు, చెప్పాను, పెద్దగా నవ్వాడు.

నాలుగో బొమ్మలో కొడుకు ఇప్పుడు అరవై దగ్గరి మనిషి. వల బాగుచేసుకుంటూ ఉన్నాడు. తడి చేతులు లుంగీకి తుడుచుకుని తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"కండ్లు మూసింది సూడు," అన్నాడు.

నేను మాఫ్ చేయమన్నట్టు ఏదో గొణిగాను.

"ఎప్పుడూ అంతే మాయమ్మ. ఓటరు కార్డులోనూ కండ్లు మూసుకునే ఉండాది." నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు ఫోటో సాయిబు కొడుకువి గదా? మీ నాయన ఉండాడా?"

"ఉన్నారు."

"ఐదు రూపాయలిచ్చినా ఆయనకి అప్పుడు. ఇంకెంతియ్యాల?"

ఏమీ ఇవ్వక్కర్లేదన్నాను. వినలేదు. పచ్చటి టేకాకులో నాలుగు వంజరం ముక్కలు చుట్టి చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి అబ్బాకు అన్నీ చెప్పాను. చేపను పక్కన పెట్టమన్నారు. నెగటివ్ అడిగారు, ప్రింటు కాదు. కిటికీ దగ్గరికి వెళ్ళి, అంచులు మాత్రమే పట్టుకుని, వెలుగుకు ఎత్తి, ఆ చివర నుంచి ఈ చివరకు నెమ్మదిగా చూశారు. మోతియాబింద్ ఆపరేషన్ అయిన కన్ను దగ్గరగా పెట్టి నాలుగో చదరం దగ్గర ఆగారు.

"ఎన్ని నిమిషాలు ఉంచావు?"

"ఎనిమిది."

"ఔర్ ఏక్ మినిట్ రఖ్‌నా థా," అన్నారు. ఇంకొక్క నిమిషం ఉంచాల్సింది.